సముద్రపు నీటి ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్: ప్లేట్లు పెంచాలా, షెవ్రాన్ కోణం మార్చాలా?

పరవాడ_మెయింటెనెన్స్:
మా యూనిట్‌లో సముద్రపు నీటితో మంచినీటి సర్క్యూట్‌ను చల్లార్చే టైటానియం ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్లు (గట్లున్న పలుచటి రేకుల మధ్య సందుల్లో వేడి నీరు, చల్లటి నీరు ఒకటి విడిచి ఒకటిగా పారే పరికరాలు) రెండు ఉన్నాయి. రెండూ ఒకేసారి నడిస్తేనే పూర్తి లోడు నిలుస్తుంది. సముద్రపు నీరు 30 డిగ్రీలకు చేరువయ్యే రోజుల్లో మంచినీటి ఉష్ణోగ్రత అదుపు తప్పుతోంది కనుక వాటిని మార్చే ప్రతిపాదన వచ్చింది. షెవ్రాన్ కోణం (ప్లేటు మీది V ఆకారపు గట్ల వాలు) ఎక్కువగా ఉన్న 60 డిగ్రీల ప్లేట్లు వేస్తే తక్కువ ప్లేట్లతోనే పని జరుగుతుందని డిజైన్ విభాగం వారు అంటున్నారు. ఇప్పుడున్న రకం ప్లేట్లనే 40 శాతం అదనంగా వేయించుకోవాలని నేను గట్టిగా చెబుతున్నాను. నాచు పట్టినప్పుడు ఆదుకునేది విస్తీర్ణమే.

ఉష్ణగణితం:
మీ ఆవేదన అర్థమైంది గానీ, మీరు కోరే పరిష్కారం మీకే ఎదురు తిరుగుతుంది. రెండు వైపులా నీటి ఉష్ణ బదిలీ గుణకం (వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే సంఖ్య) చదరపు మీటరుకు, డిగ్రీకి 12,000 వాట్లు అనుకుందాం. అప్పుడు ఒక్కొక్క వైపు నిరోధం 0.000083 ఉంటుంది, అర మిల్లీమీటరు టైటానియం రేకు నిరోధం 0.000024 మాత్రమే. అంటే అడ్డు రేకులో లేదు, రేకును ఆనుకొని ఉన్న నీటి పొరలో ఉంది. అదే ప్రవాహాన్ని 40 శాతం ఎక్కువ ప్లేట్ల మధ్య పంచితే ఒక్కొక్క సందులో వేగం 71 శాతానికి పడిపోతుంది, దానితో గుణకం కూడా తగ్గుతుంది. చివరికి శుభ్రమైన స్థితిలో మీకు దక్కేది సుమారు 13 శాతం అదనపు సామర్థ్యమే. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: నీరు ప్లేటును ఒరుసుకుపోయే బలం సగానికి కాస్త పైన ఆగిపోతుంది. జిగురు పొర పేరుకోకుండా చూసేది ఆ ఒరిపిడే. మురికికి భయపడి చేర్చిన ప్లేట్లే మురికిని ఆహ్వానిస్తాయి.

కొత్త_ఇంజనీరు:
60 డిగ్రీల ప్లేటు అంటే ప్రవాహ దిశ నుంచి కొలిచినదా, అడ్డంగా కొలిచినదా? తయారీదారులందరూ ఒకే విధంగా కొలవరు.

ఉష్ణగణితం:
నేను ప్రవాహ దిశ నుంచి కొలుస్తున్నాను. ఆ లెక్కన కోణం పెరిగేకొద్దీ సుడులు, ఉష్ణ బదిలీ, ప్రెషర్ డ్రాప్ (నీరు దాటేటప్పుడు పీడనంలో వచ్చే తగ్గుదల) మూడూ పెరుగుతాయి.

పరవాడ_మెయింటెనెన్స్:
మీరు చెప్పే 13 శాతం కాగితం మీద నిజమే కావచ్చు. నా ఎక్స్ఛేంజర్‌ను ఆపేది జిగురు పొర ఒక్కటే కాదు. ఆల్చిప్పల ముక్కలు, వలల నైలాను పోగులు, ప్లాస్టిక్ సంచుల పీలికలు వచ్చి, రెండు ప్లేట్ల గట్లు ఒకదానికొకటి ఆనుకునే చోట్ల ఇరుక్కుంటాయి. వాటిని ఏ ఒరిపిడి బలమూ కదిలించలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన తర్వాత, అప్పట్లో నేను పనిచేసిన కర్మాగారం తిరిగి మొదలైన వారంలోనే నాలుగుసార్లు ప్లేట్లు విప్పాము. సరఫరాదారు పంపిన ఉత్తరంలో మాత్రం అది మెయింటెనెన్స్ లోపమని రాశారు. ఆ ఉత్తరానికి సంజాయిషీ రాసింది నేను.

గాజువాక_ఫిట్టర్:
విప్పిన ప్రతిసారీ నేమ్‌ప్లేటు మీద ఉన్న బిగింపు కొలతకే బిగించాలి. కారుతోందని ఇంకా బిగిస్తే గట్లు నలిగి ప్లేట్లే పాడవుతాయి.

ఉష్ణగణితం:
గట్టి చెత్త మాట వేరు. దానికి మందు చెత్తను వడకట్టే స్ట్రైనర్. సందు 3 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు స్ట్రైనర్ రంధ్రం 2 మిల్లీమీటర్లకు మించకూడదు, నీటిని ఎదురు దిశలో పంపి కడిగే బ్యాక్ ఫ్లష్ ఏర్పాటు ఉండాలి, ఆల్చిప్పల పిల్లలు పైపుల్లో స్థిరపడకుండా హైపోక్లోరైట్ (క్లోరిన్ మందు) మోతాదు క్రమం తప్పకూడదు. ఈ మూడింటినీ సరిచూడకుండా కోణాన్ని నిందించడం న్యాయం కాదు.

సీతమ్మధార_వాసి:
ప్రెషర్ డ్రాప్ పెరిగితే పంపు కరెంటు ఎవరు కడతారు?

ఉష్ణగణితం:
గంటకు 500 ఘనపు మీటర్ల ప్రవాహానికి అర బార్ అదనమైతే, పంపు సామర్థ్యం 75 శాతం అనుకుంటే, సుమారు 9 కిలోవాట్లు ఎక్కువ పడుతుంది. 8,000 గంటలు నడిస్తే ఏడాదికి 74,000 యూనిట్లు. అది చిన్న ఖర్చని నేను అనను. అందుకే ఎక్కువ, తక్కువ కోణాల ప్లేట్లను కలిపి, అందుబాటులో ఉన్న ప్రెషర్ డ్రాప్‌ను పూర్తిగా వాడుకునేలా కూర్చుతారు.

పరవాడ_మెయింటెనెన్స్:
అయ్యా, మీరు మళ్లీ కోణం దగ్గరికే వస్తున్నారు. స్ట్రైనర్ గురించి నాకు పాఠం అక్కరలేదు. నెలలో మూడుసార్లు దాన్ని కడిగించే మనిషిని నేనే. ఒక ఎక్స్ఛేంజర్ విప్పితే సగం లోడు తగ్గించాలి, ఆ గంటలన్నీ నా పేరు మీద లాగ్ బుక్కులో ఎక్కుతాయి. ఎందుకు విప్పవలసి వచ్చిందో డిజైన్ చేసిన వారిని ఎవరూ అడగరు. అసలు అంచనాలో మూడో ఎక్స్ఛేంజర్ స్టాండ్‌బైగా ఉండేది. ఖర్చు తగ్గించాలని దానిని కొట్టివేశారు. స్టాండ్‌బై లేనప్పుడు నేను అడగగలిగింది అదనపు ప్లేట్లు కాక ఇంకేముంది?

ఉష్ణగణితం:
ఈ మాట మీరు మొదటి సందేశంలోనే రాసి ఉంటే మనం ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. నేను కూడా నా అంచనాల్లో స్టాండ్‌బైని కొట్టివేసి, దానికి బదులు విస్తీర్ణంలో మార్జిన్ చూపించిన సందర్భాలు ఉన్నాయి. కొనుగోలు విభాగం ధరలు పోల్చేటప్పుడు మార్జిన్ నిలుస్తుంది, మూడో ఎక్స్ఛేంజర్ నిలవదు. అది తప్పు ప్రత్యామ్నాయమని నా లెక్కే చూపుతోంది. మీ లోడులో సగం మోయగల ఎక్స్ఛేంజర్లు మూడు పెట్టండి. ఎప్పుడూ రెండే నడపండి, అప్పుడు వేగం తగ్గదు. మూడోదాన్ని తీరిగ్గా విప్పి కడగవచ్చు. అదనపు ప్లేట్ల డబ్బు దానికే పెట్టమని నేను రాసిస్తాను.

పరవాడ_మెయింటెనెన్స్:
మూడు ఎక్స్ఛేంజర్లకు నేను ఒప్పుకుంటాను. ఆగి ఉన్నదానిలో సముద్రపు నీటిని నిలవ ఉంచకుండా, మంచినీటితో కడిగి ఖాళీ చేసే లైను కూడా మీ రాతలో చేర్చండి. అయితే 2 మిల్లీమీటర్ల స్ట్రైనర్ బిగించి, ఒక వానాకాలం నడిపి చూసే వరకు ఎక్కువ కోణం ప్లేట్ల కాగితం మీద నేను సంతకం చేయను.