వంటకట్టెలా, వంటకట్టియలా?

నెల్లూరు మూలాపేట నుంచి:
అమ్మకి కీళ్లవాతం. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి పాలగిన్నె మూత కూడా తియ్యలేకపోతోంది. డాక్టరు గారు కొత్తరకం యాంటీబాడీ మందుల గురించి చెబుతూ 'ఇమ్యూన్ టాలరెన్స్' అన్నారు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చెయ్యకుండా ఉండటం. సహనం అని చెబితే, "ఇంకెంత ఓర్చుకోమంటావే" అంటుంది అమ్మ. అప్పట్నుంచీ తిక్కన గారి విరాటపర్వంలో ముక్క ఒకటి నోట్లో ఆడుతోంది: "యీ భూజము వంటకట్టెలకై ఖండింపగా నేటికిన్" (ఈ చెట్టుని వంటకట్టెల కోసం నరకడం ఎందుకని). సరేనా?

కందుకూరు మాస్టారు:
కట్టెలకై కాదమ్మా, కట్టియలకై. మత్తేభం అది. 'వంటక' రగణం అయ్యాక నగణానికి ట్టి, య, ల మూడు లఘువులూ ఉండాలి. 'య' మింగితే పాదం కుంటుతుంది.

ఒంగోలు నుంచి:
గణం కోసమే కాదు మాస్టారూ, పాత రూపమే అది. మల్లియ మల్లె అయింది, గద్దియ గద్దె, కన్నియ కన్నె. కట్టియ కట్టె అయింది.

కావలి నుంచి (ల్యాబులో పని):
అక్కా, మీకు ఆ పద్యం ఊరికే గుర్తు రాలేదు. కీచకుడు సభలో ద్రౌపదిని తన్నితే వలలుడు (మారువేషంలో భీముడు) చెట్టు వైపు చూశాడు, కంకుభట్టు (ధర్మరాజు) ఆ మాటతో ఆపాడు. ఒంట్లో ఆ కంకుభట్టు పని చేసేవి రెగ్యులేటరీ టి కణాలు, సొంత ఒంటి మీద దాడి చేసే రక్షణ కణాల్ని ఆపేవి. 1995లో జపాన్ శాస్త్రవేత్త సకగుచి వాటిని చూపించారు, 2025లో బ్రంకో, రామ్స్‌డెల్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. ఇప్పుడు వాడే అడాలిముమాబ్ అనే మందు, వాపు పెంచే టిఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ని పట్టేస్తుంది, అంటే వలలుడి చేతిలో చెట్టు లాక్కోవడం. కొత్త యాంటీబాడీలు దాడి చేసే కణం మీదున్న పిడి-1 అనే కళ్లేన్నే బిగిస్తాయి. కీళ్లవాతంలో ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయి.

కందుకూరు మాస్టారు:
పోలిక బాగుంది గానీ ఒప్పను. ధర్మరాజు భీముడి కోపం తీర్చలేదు, వాయిదా వేశాడు. నర్తనశాలలో ఏమైందో తెలుసు కదా.

కావలి నుంచి:
వాయిదాకీ విలువుంది మాస్టారూ. టెప్లిజుమాబ్ అనే యాంటీబాడీ టైప్ 1 షుగర్‌ని వాయిదానే వేస్తుంది. 14 రోజులు రోజూ నరంలోకి ఎక్కిస్తారు. పరీక్షలో మందు తీసుకున్నవాళ్ళకి జబ్బు రెండేళ్ళు ఆలస్యంగా బయటపడింది. 2022 నవంబరులో అమెరికా అనుమతించింది, ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి. పిల్లాడికి రెండేళ్ళు సూది లేకపోతే ఆ తల్లికి చిన్న సంగతా?

ఒంగోలు నుంచి:
అయితే చెట్టు ఎవరు? నీడనిచ్చే చెట్టంటే ఆశ్రయమిచ్చిన విరాటుడనే నా లెక్క. ఒంటి లెక్కలో మన కీలే. తనది తాను ఎరగడం అది, సహనం కాదు. ఇమ్యూన్ టాలరెన్స్‌ని 'తనవారెరుక' అందాం.

కందుకూరు మాస్టారు:
చెట్టు చెట్టే నాయనా. భీముడు పెరకబోయింది దాన్నే. మాటకొస్తే ఓర్పుకి సైరణ ఉండగా కొత్తది కట్టడమెందుకు?

నెల్లూరు మూలాపేట నుంచి:
సైరణ అంటే అమ్మకి తెలియదు మాస్టారూ. కట్టియల పద్యం మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. మొదటి పాదం "వలలుం డెక్కడ జూచె" తర్వాత నాకు తెగింది. పాత ప్రతి ఉన్నవాళ్ళు ఆ పుట ఫోటో పెట్టండి.