ఉన్న ఫైర్‌ఫాక్స్‌కే టోర్ ప్రాక్సీ పెట్టుకుంటే సరిపోదా?

తార్నాక_హాస్టల్:
ఉబుంటులో టోర్ సర్వీసు వేసుకున్నా, అదే మన ట్రాఫిక్‌ను రిలేలనే వేరేవాళ్ల కంప్యూటర్ల గుండా తిప్పి మనమెవరో దాచేది. ఫైర్‌ఫాక్స్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మాన్యువల్ ప్రాక్సీ (మధ్యవర్తి) ఎంచుకుని సాక్స్ (ఒక రకం ప్రాక్సీ) హోస్ట్ 127.0.0.1, పోర్ట్ 9050, సాక్స్ వి5 పెట్టిన. ఐపీ (నెట్‌లో మన అడ్రస్) చూస్తే జర్మనీ అని వస్తున్నది. ఇంక టోర్ బ్రౌజర్ అని ఇంకోటి ఎందుకు దించుకోవాలె? బుక్‌మార్కులు, పాస్‌వర్డులు అన్నీ దీంట్లనే ఉన్నయి. రూంమేట్లు తప్పంటున్నరు గానీ ఎందుకో చెప్తలేరు.

మియాపూర్_నెట్‌వర్క్స్:
తప్పేం లేదు తమ్మీ. రెండు చూసుకో చాలు. హెచ్‌టీటీపీ ప్రాక్సీ గడి ఖాళీగా వదిలెయ్. 9050 సాక్స్ పోర్టు, దాన్ని అక్కడ రాస్తే పేజీలు తెరుచుకోవు. ఇంకోటి, అడుగున డీఎన్‌ఎస్‌ని, అంటే సైటు పేరుకు అడ్రస్ వెతికే పనిని, కూడా ప్రాక్సీ గుండా పంపమనే టిక్ ఉంటది. అది లేకపోతే పేజీలు టోర్ గుండానే వస్తయి గానీ, నువ్వు ఏ సైటుకు పోతున్నవో హాస్టల్ వైఫైకి తెలుస్తనే ఉంటది. కొత్త ఫైర్‌ఫాక్స్‌లల్ల ముందే ఆన్ ఉంటది, పాతదైతే చూసుకో. టోర్ బ్రౌజర్ లోపల చేసేది కూడా ఇదే. దాని పోర్టు 9150, అంతే తేడా.

బర్కత్‌పుర_శిక్షకురాలు:
"అంతే తేడా" అన్న మాట నేను ఒప్పుకోను అన్నా. విలేకరులకు, కార్యకర్తలకు డిజిటల్ భద్రత నేర్పడం నా పని. ఈ మాట నమ్మి ధైర్యంగా ఉన్నవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

తమ్ముడూ, నీ ఐపీ జర్మనీ అంటోంది. అదే పేజీకి నీ బ్రౌజర్ ఇంకేం చెబుతోందో చూడు. టైమ్ జోన్ ఆసియా, కోల్‌కతా. భాషల వరుసలో తెలుగు. మెషీన్‌లో నువ్వు వేసుకున్న తెలుగు ఫాంట్లు. స్క్రీన్ కొలత, గ్రాఫిక్స్ కార్డు గీసే తీరు. జర్మనీ ఐపీ మీద తెలుగు ఫాంట్లు, మన టైమ్‌తో ఎంతమంది ఉంటారు? 2010లో ఈఎఫ్‌ఎఫ్ అనే అమెరికా డిజిటల్ హక్కుల సంస్థ వాళ్లు 4.7 లక్షల బ్రౌజర్లను పరీక్షిస్తే 83.6 శాతానికి ఇంకెవరితోనూ కలవని ముద్ర ఉందని తేలింది. ఐపీ ఊసే లేకుండా!

టోర్ బ్రౌజర్ అందరికీ ఒకే యూనిఫాం వేస్తుంది. గడియారం యూటీసీ, ఫాంట్లు పరిమితం, విండో చుట్టూ బూడిదరంగు అంచు పెట్టి కొలతను గుండ్రం చేస్తుంది, ఒక్కో సైటు కుకీలను విడివిడిగా ఉంచుతుంది. నీ ఫైర్‌ఫాక్స్‌లో కుకీల విభజన తప్ప మిగతావి మామూలుగా ఉండవు. పైగా నీ జీమెయిల్ లాగిన్ అందులోనే ఉంది. గూగుల్ వాళ్ల ప్రతి పేజీలో నువ్వు నువ్వే.

బ్రౌజర్‌లోనే కాల్స్ చేయించే వెబ్‌ఆర్‌టీసీ సంగతీ మరవొద్దు. నెట్‌లో డేటా పంపే పద్ధతుల్లో టోర్ మోసేది టీసీపీ ఒక్కటే. వీడియో కాల్ కోసం వెబ్‌ఆర్‌టీసీ వాడే ఇంకో పద్ధతి, యూడీపీ, ప్రాక్సీని పక్కకు నెట్టి నేరుగా వెళ్తే నీ అసలు అడ్రస్ బయటపడుతుంది.

మలక్‌పేట_నాన్న:
నేను సాంకేతికం తెలిసినవాణ్ణి కాను. కానీ దాచుకోవడానికి ఏమీ లేని పిల్లలకు ఈ అవస్థ ఎందుకు? పేపర్లో డార్క్ వెబ్ (టోర్ లాంటివాటితోనే తెరుచుకునే సైట్లు) అనగానే మత్తుమందుల కేసులే కనిపిస్తున్నాయి. రేపు పోలీసులు అడిగితే?

బర్కత్‌పుర_శిక్షకురాలు:
మీ ఆందోళన అర్థమైంది అండీ. టోర్ వాడటం మన దేశంలో నేరం కాదు. దానితో చేసే నేరం నేరమే. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పారు. హాస్టల్లో ఒక అమ్మాయి హెచ్‌ఐవీ పరీక్ష గురించి చదువుకోవాలి. అది వైఫై చూసేవాళ్లకు తెలియాల్సిన అవసరమేముంది? పైగా టోర్ వాడే ఈ ఉల్లిపొరల పద్ధతి (పొరలు పొరలుగా గుప్తీకరించడం) పుట్టింది అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో, 1990ల నడుమ.

మియాపూర్_నెట్‌వర్క్స్:
ఫింగర్‌ప్రింట్ మాట, అదే బ్రౌజర్ ముద్ర సంగతి, ఒప్పుకుంటున్న. అయినా అందరికీ శత్రువు ఒకడే కాదు చెల్లే. వైఫై వాళ్ల కంటికి దొరకకుంటే చాలనుకునేటోడికి వేరే ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్, ఆ ముద్రను తగ్గించే రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్ సెట్టింగ్ ఆన్, వెబ్‌ఆర్‌టీసీ ఆఫ్ సరిపోవా? నేను సర్వర్ బయటి నుంచి ఎట్ల కనిపిస్తదో చూడ్డానికి రోజూ కర్ల్‌ని (కమాండ్‌తో పేజీలు తెచ్చే టూల్) 9050కి పెడత. దానికి బ్రౌజరెందుకు?

బర్కత్‌పుర_శిక్షకురాలు:
కర్ల్‌కు నా అభ్యంతరం లేదు, అది పరీక్ష. మనిషి చదివే బ్రౌజర్ సంగతి వేరు. మీరు చెప్పే ప్రొఫైల్ దారిని టోర్ వాళ్లే నడిచి చూశారు. మొదట్లో టోర్‌బటన్ అని ఫైర్‌ఫాక్స్‌కు ఒక యాడాన్ ఇచ్చారు, నొక్కితే టోర్, మళ్లీ నొక్కితే మామూలు. 2011లో ఆ తీరు మానేసి విడి బ్రౌజర్‌నే ముందుకు తెచ్చారు. ఒకే బ్రౌజర్‌లో రెండు బతుకులను వేరుగా ఉంచడం వాళ్లకే కుదరలేదు. మనం చేత్తో మార్చిన పది సెట్టింగులు కూడా మనల్ని గుంపు నుంచి వేరు చేసే గుర్తులే అవుతాయి.

తార్నాక_హాస్టల్:
అక్కా, తెలుగు ఫాంట్ల మాట నిజమే, టెస్ట్ చేస్తే అన్నీ పేర్లతో సహా వచ్చినయి. ఫైర్‌ఫాక్స్‌ను నో ప్రాక్సీకి మార్చిన. టోర్ బ్రౌజర్‌లో జీమెయిల్ తెరవొచ్చా? నేను టోర్ వాడుతున్నట్టు హాస్టల్‌కు తెలుస్తదా?

బర్కత్‌పుర_శిక్షకురాలు:
నీ సొంత జీమెయిల్ తెరిస్తే నువ్వెవరో నువ్వే చెప్పినట్టు. దాన్ని ఫైర్‌ఫాక్స్‌లోనే ఉంచు. టోర్ వాడుతున్నట్టు తెలుస్తుంది, మొదటి రిలేల అడ్రసుల జాబితా బహిరంగమే. వద్దనుకుంటే కనెక్షన్ సెట్టింగ్స్‌లో బ్రిడ్జ్ (ఆ జాబితాలో లేని రిలే) పెట్టుకో, ఆబ్‌ఎఫ్‌ఎస్4 గానీ స్నోఫ్లేక్ గానీ. యాడాన్లు ఏవీ కలపకు. హెచ్‌టీటీపీఎస్ (గుప్తీకరించిన కనెక్షన్) లేని సైటులో పాస్‌వర్డ్ కొట్టకు, చివరి రిలే నడిపేవాళ్లు దాన్ని చదవగలరు.

మియాపూర్_నెట్‌వర్క్స్:
దించుకునేటప్పుడు టోర్ ప్రాజెక్ట్ సైటు నుంచే దించు, ఫైల్ అసలుదేనని చెప్పే సిగ్నేచర్ సరిచూసుకో. నా కర్ల్ మాత్రం నేను మానను.