మునుగోడు ఎవరి కోట? ఎర్రజెండాదా, చెయ్యి గుర్తుదా?

చౌటుప్పల్ చౌరస్తా:
నిన్న ఒక యూట్యూబ్ చర్చలో మునుగోడును మళ్ళీ "కమ్యూనిస్టుల కంచుకోట" అన్నారు. 2022 ఉప ఎన్నిక నుంచి ఈ మాట వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. అందుకే ఈ చర్చ పెడుతున్నా.

నల్లగొండ జిల్లాలోని ఈ అసెంబ్లీ నియోజకవర్గం ఏర్పడింది 1967లో. ఉప ఎన్నికతో కలిపి 14 సార్లు ఓటేశాం. కాంగ్రెస్ 7 సార్లు గెలిచింది, సీపీఐ 5, టీఆర్ఎస్ 2. ఆ ఏడింటిలో పాల్వాయి గోవర్ధన్ రెడ్డి ఒక్కరే ఐదుసార్లు. 1983లో ఎన్టీఆర్ గాలికి పెద్ద పెద్ద చెట్లే కూలితే ఇక్కడ చెయ్యి గుర్తు కదల్లేదు. మరి సీపీఐ గెలుపులు? 1985, 89, 94లో ఉజ్జిని నారాయణరావు వెనక టీడీపీ ఉంది. 2004లో పల్లా వెంకట్ రెడ్డికి కాంగ్రెస్, టీఆర్ఎస్ పొత్తు. 2009లో ఉజ్జిని యాదగిరిరావుకు టీడీపీ, టీఆర్ఎస్ ఉన్న మహాకూటమి. టీడీపీ బీజేపీ వైపు వెళ్ళిపోయిన 1999లో ఏమైంది? పాల్వాయి గెలిచారు. పక్కింటివాళ్ళు ఎద్దులిస్తే తప్ప నాగలి కట్టలేని రైతును మోతుబరి అంటామా?

కంకి కొడవలి:
తమ్మీ, ఎద్దులిచ్చినవాడు ఊరికే ఇస్తాడా? అది అడగకుండా లెక్క చెప్పావు. 1985లో రాష్ట్రమే టీడీపీ చేతిలో ఉంది. అయినా ఈ సీటు ఎందుకు వదిలింది? ఎర్రజెండా లేకుండా ఇక్కడ కాంగ్రెస్‌ను కొట్టలేమని తెలుసు కాబట్టి. టీడీపీ మునుగోడును ఇప్పటిదాకా ఒక్కసారి కూడా గెలవలేదు, అది కూడా నీ లెక్కలో రాసుకో.

అసలు 1967తో మొదలుపెట్టడమే తప్పు. 1952లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి పీడీఎఫ్ (అప్పట్లో కమ్యూనిస్టులు పోటీ చేసిన వేదిక) తరఫున పార్లమెంటుకు గెలిస్తే నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. సాయుధ పోరాటం విరమించి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

1985లో నాకు పదేళ్ళు. మా నాయిన జాజు నానబెట్టి, ఈత కొమ్మ చివర రాయితో నలగ్గొట్టి కుంచె చేసుకుని, చండూరు దాకా గోడల మీద కంకి కొడవలి గీసేవాడు. రాత్రి గీస్తే పొద్దునకల్లా ఎవరో సున్నం కొట్టేవారు. మళ్ళీ రాత్రి గీసేవాడు. ఒక్క పైసా ఎవరూ ఇవ్వలేదు. పొత్తు హైదరాబాద్‌లో కుదిరి ఉండొచ్చు, ఆ గోడలు మాత్రం మావి.

లెక్కల పంతులు:
మీ ఇద్దరి లెక్కా 2009 దాటలేదు. 2014ను ఎవరూ ఎత్తరేం? ఆ ఏడు కాంగ్రెస్ పొత్తులో ఈ సీటు సీపీఐకి ఇచ్చారు. పాల్వాయి కూతురు స్రవంతి అలిగి ఇండిపెండెంట్‌గా నిలబడితే రెండో స్థానం ఆమెదే. టీఆర్ఎస్ నుంచి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి 38,055 మెజారిటీతో గెలిచారు. పొత్తు ఉన్నా సీపీఐ రెండో స్థానంలోకి కూడా రాలేదు. ఈ ఒక్క ఏడు చౌరస్తా గారి వైపు.

కానీ ఆ తర్వాతవి చూడండి. 2018లో సీపీఐ కాంగ్రెస్ కూటమిలో ఉంది, కాంగ్రెస్ గెలిచింది. 2022లో సీపీఐ, సీపీఎం రెండూ టీఆర్ఎస్ వైపు, టీఆర్ఎస్ గెలిచింది. 2023లో సీపీఐ మళ్ళీ కాంగ్రెస్‌తో, కాంగ్రెస్ గెలిచింది. 2022 మెజారిటీ 10,309. ఎర్ర ఓట్లు తీసేస్తే అది నిలిచేదా? నాకు అనుమానమే. నేను కోట అనను. త్రాసులో ఏ తట్టలో పడితే ఆ తట్ట దిగే రాయి అంటాను.

హయత్‌నగర్ అద్దిల్లు:
రాయీ లేదు, త్రాసూ లేదు. ఇక్కడ ఓట్లు మనిషి వెంట నడుస్తాయి. 2018లో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డికి చెయ్యి గుర్తు మీద లక్షకు కాస్త తక్కువ. అప్పుడు బీజేపీకి 12 వేల చిల్లర. 2022 ఆగస్టులో ఆయన రాజీనామా చేసి కమలం పట్టుకుంటే కమలానికి 86,697. చెయ్యి గుర్తుకు 23,906, డిపాజిట్ గల్లంతు. 2023లో ఆయన తిరిగి కాంగ్రెస్‌కు వస్తే అదే చెయ్యి గుర్తుకు 1,19,624, మెజారిటీ 40,590. కమలం మళ్ళీ డిపాజిట్ దక్కని చోటికే పోయింది. ఇంకా సిద్ధాంతం, కంచుకోట అంటారేంటి సార్?

2022 నవంబర్ 3న నేను ఓటేయడానికి వెళ్ళా. రెండు పార్టీల వాళ్ళూ ఫోన్ చేసి "అన్నా, బండి పంపాలా" అని అడిగారు. వద్దని బస్సెక్కా. పంతంగి టోల్‌గేట్ దగ్గర సంక్రాంతి రద్దీ లెక్క కార్లు ఆగిపోయి ఉన్నాయి. మా ఊళ్ళో ఏడాదంతా తాళం వేసి ఉండే ఇళ్ళ ముందు కూడా ఆ రోజు చెప్పులు కనిపించాయి.

కంకి కొడవలి:
బండి పంపినవాళ్ళు ఇంకేం పంపారో కూడా రాయి అన్నా. 93 శాతం పోలింగ్ ఊరికే అయిందా?

లెక్కల పంతులు:
2018లోనే 90 దాటింది సార్. ఉప ఎన్నికలో డబ్బు గురించి మీరన్నదాన్ని కాదనను గానీ, మునుగోడు వాళ్ళు ఓటేయడం దానితో మొదలు కాలేదు.

మగ్గం గుంత:
గట్టుప్పల్ నుంచి ఒక మాట. మాకు మండలం కావాలని ఏళ్ళ తరబడి అడిగితే రాలేదు. 2022లో ఉప ఎన్నిక వాసన తగలగానే వచ్చింది. చేనేత మీద జీఎస్టీ తీసేయాలని ఢిల్లీకి పోస్టుకార్డులు రాయడం కూడా అప్పుడే. కోట ఎవరిదైతే మాకేంది, ఇంకో రెండు ఉప ఎన్నికలు వస్తే బాగుండు. (నవ్వులాటకే లెండి. ఆ మూడు నెలల మైకుల మోతకు మగ్గం చప్పుడు కూడా వినపడలేదు.)

మర్రిగూడ బోరింగు:
మీరు గెలుపులు లెక్కపెడుతున్నారు, మా ఊళ్ళో పచ్చబడ్డ పళ్ళు లెక్కపెట్టుకుంటాం. ఈ నియోజకవర్గం చరిత్రలో ఫ్లోరైడ్ మాటే రాకపోతే ఎలా? లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న సంగతి మా దగ్గర బడి పిల్లలు కూడా చెప్తారు.

నన్నడిగితే మా జిల్లాలో జరిగిన అసలైన ఎన్నిక 1996 పార్లమెంటుది. జలసాధన సమితి పిలుపుతో నీళ్ళ కోసం జనం నామినేషన్లు వేస్తే నల్లగొండ స్థానంలో 480 మంది నిలబడ్డారు. ఎన్నిక వాయిదా వేసి, బ్యాలెట్ పేపర్‌ను పుస్తకంలా అచ్చు వేయించాల్సి వచ్చింది. చివరికి గెలిచింది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. ఆ ఏడాదే పార్లమెంటు పోటీకి డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది. అది పెరగడానికి నెలలు పట్టింది. మా ఇంటి నల్లాలో మిషన్ భగీరథ నీళ్ళు పడే నాటికి ఇరవై ఏళ్ళు దాటింది.

2022లో 47 మంది పోటీ. నోటాతో 48. ఓటింగ్ మిషన్‌కు 16 పేర్లు చొప్పున మూడు మిషన్లు అంచుల దాకా నిండాయి. టీఆర్ఎస్ కారును పోలి ఉండే రోడ్డు రోలర్ గుర్తు ఒకాయనకు ఇచ్చి, తీసేసి, మళ్ళీ ఇచ్చారు. ఆ గొడవలో రిటర్నింగ్ అధికారినే మార్చారు. మా అమ్మకు ఫ్లోరైడ్‌తో నడుం వంగిపోయి మెడ పైకి లేవదు. తోడు వస్తానంటే వద్దంది. లోపలికెళ్ళి బల్ల అంచు పట్టుకుని, మూడు మిషన్ల మీదా ముఖం ఆనించినంత పని చేసి, వెనక లైన్లో వాళ్ళు గొణుగుతుంటే బయటికొచ్చింది. "కారూ రోలరూ ఒక్కలెక్కనే కనపడుతున్నయి, అద్దాలు తెచ్చుకోవాల్సింది" అంది. ఏ గుర్తుకు వేసిందో ఇప్పటికీ చెప్పదు. 1996లో నామినేషన్ వేస్తానని బయల్దేరిన మనిషే, అప్పుడు నాయిన ఆపాడు.

చౌటుప్పల్ చౌరస్తా:
బోరింగు గారూ, అమ్మకు నా నమస్కారం చెప్పండి. ఆమె నామినేషన్ వేసి ఉంటే 481 అయ్యేది.

నా మొదటి మాటకు వస్తా. కోట కాదన్నది వెనక్కి తీసుకోను. పంతులు గారి రాయిని మాత్రం ఒప్పుకుంటున్నా, ఎందుకంటే హయత్‌నగర్ అన్న చెప్పిన అంకెలే దాన్ని నిలబెడుతున్నాయి. ఓట్లు మనిషి వెంటే నడిస్తే 2018లో లక్షకు దగ్గరగా ఉన్న రాజగోపాల్ రెడ్డికి 2022లో 86 వేలే ఎలా వచ్చాయి? బీజేపీ సొంత ఓట్లు 12 వేలు కలవాలి కదా? అంటే ఇరవై వేలకు పైగా ఓట్లు దారిలో దిగిపోయాయి. కొన్ని చెయ్యి దగ్గరే ఆగి ఉంటాయి. మిగిలినవి ఎటు పోయాయో కంకి కొడవలి అన్నకు తెలిసే ఉంటుంది.

కంకి కొడవలి:
బూత్‌లవారీగా తెలుసు. చండూరు రా, చాయ్ తాగుతూ చెప్తా. ఇక్కడ రాస్తే మా ఊళ్ళో సగం మంది నాతో మాట్లాడరు.