డాలస్ ఎండకు ఏ హ్యాట్ కొనాలి? కొత్తగా వచ్చిన తమ్మునికి ఫెల్ట్, గడ్డి టోపీల సంగతి

ప్రశ్న:

అన్నలకు, అక్కలకు నమస్కారం. నాది హనుమకొండ. ఉద్యోగం మీద డాలస్ పక్కనున్న అర్వింగ్‌కు వచ్చి రెండు నెలలైంది. బస్సు దిగి ఆఫీసుకు నడిచే ఇరవై నిమిషాల్లో తల మాడిపోతున్నది. మన దగ్గరిలాగా రుమాలు చుట్టుకొని పోదామంటే ఆఫీసులో ఏమనుకుంటారోనని సంకోచంగా ఉంది. దుకాణానికి వెళ్తే చూడటానికి ఒకే తీరుగా ఉన్న టోపీల్లో ఒకటి 30 డాలర్లు, ఇంకొకటి 300 డాలర్లు ఉన్నాయి. తేడా ఏమిటని అడిగితే అమ్మే ఆయన చెప్పినదాంట్లో సగం నాకు అర్థం కాలేదు. ఏది కొనాలో, కొన్నాక ఎట్లా చూసుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు:

తమ్ముడూ, నాది జనగామ వైపు. డాలస్‌కు వచ్చి పద్నాలుగేళ్లయింది. మొదటి వేసవిలో నీలాగే తల మాడ్చుకున్నాను, ఆ తరువాత తొందరపడి కొన్న రెండు టోపీలను నా చేతులారా పాడు చేసుకున్నాను. అప్పటి నుంచి ఏ టోపీ చూసినా ముందుగా ధర చీటీ చూడటం మాని, లోపలి పట్టీని తిప్పి, అది దేనితో చేసిందో చూడటం అలవాటు చేసుకున్నాను. నువ్వు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టు, ఎందుకంటే ధరలో తేడా అయినా, కొన్నాక చూసుకునే తీరులో తేడా అయినా ఆ పదార్థాన్ని బట్టే వస్తుంది.

ఫెల్ట్ అంటే ఏమిటో తెలియాలంటే మన కురుమల గొంగడిని గుర్తు చేసుకో. గొర్రె ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద నేస్తారు. అందులో పడుగు, పేక రెండూ వేళ్లకు తగులుతాయి. ఫెల్ట్‌లో ఆ రెండూ లేవు. ఉన్ని పోగుల మీద, బొచ్చు పోగుల మీద కంటికి కనిపించనంత సన్నని పొలుసులు ఉంటాయి. వేడి, తడి, ఒత్తిడి మూడూ కలిసినప్పుడు అవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని, నేత లేకుండానే దట్టమైన గుడ్డగా బిగుసుకుంటాయి. ఉన్ని స్వెటర్‌ను తెలియక వేడినీళ్లలో ఉతికితే అది చిన్నపిల్లల స్వెటర్ అంత అయిపోతుంది కదా, హ్యాట్ చేసేవారు ఆ పనినే కావాలని, ఒక లెక్క ప్రకారం చేస్తారు.

ఈ ఫెల్ట్ రెండు రకాలు. ఒకటి గొర్రె ఉన్నితో చేసింది, ఇంకొకటి కుందేలు, అడవి కుందేలు లేదా బీవర్ అనే నీటి జంతువు బొచ్చుతో చేసింది. నువ్వు చూసిన 30 డాలర్లది దాదాపుగా ఉన్నిదే అయి ఉంటుంది, 300 డాలర్లది బొచ్చుది అయి ఉంటుంది. బొచ్చు ఫెల్ట్ పలుచగా, తేలికగా ఉండి కూడా గట్టిగా ఉంటుంది, వానలో తడిసినా ఆకారం చాలావరకు నిలుపుకుంటుంది. ఉన్ని ఫెల్ట్ మందంగా ఉంటుంది, బాగా తడిస్తే కుంచించుకుపోతుంది లేదా అంచు వాలిపోతుంది. దుకాణంలో రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని, అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని మెల్లగా రాసి చూడు. ఉన్నిది కొంచెం గరుకుగా, కాంతి లేకుండా ఉంటుంది. బొచ్చుది కుందేలు చెవిని తాకినట్లు జారుతుంది, వెలుతురులో తిప్పితే సన్నని మెరుపు కనిపిస్తుంది. ఆ పైన లోపలి చీటీ చదువు, చాలా కంపెనీలు పదార్థం పేరు అక్కడ రాస్తాయి. జంతువుల బొచ్చు వద్దనుకునేవారు మన ఇళ్లలో ఉంటారు కాబట్టి ఈ విషయం ముందే చెబుతున్నాను.

లోపల 4ఎక్స్, 10ఎక్స్, 100ఎక్స్ అని అచ్చు వేసి ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. ఎక్స్‌లు పెరిగే కొద్దీ ఫెల్ట్ మేలైనదన్నది నిజమే గాని, అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలమానం లేదు. ఒక కంపెనీ 10ఎక్స్, ఇంకో కంపెనీ 10ఎక్స్ ఒకటి కావు. ఒకే కంపెనీ టోపీలను పోల్చుకోవడానికే ఆ గుర్తు పనికొస్తుంది.

అయితే తమ్ముడూ, నువ్వు నడిచేది ఎండలో, ఇది జూలై. నీకు ఇప్పుడు కావలసింది ఫెల్ట్ కాదు, గడ్డి టోపీ. అసలు జాగ్రత్త పడవలసింది కూడా ఇక్కడే, ఎందుకంటే గడ్డి టోపీ అని అమ్మేవన్నీ గడ్డివి కావు. షాంటుంగ్ అనీ టోయో అనీ రాసి ఉన్నవాటిలో ఇప్పుడు ఎక్కువ భాగం కాగితాన్ని సన్నగా పురిపెట్టి నేసినవే. కాగితమనగానే తక్కువగా చూడకు. అవి తేలికగా, నున్నగా, బలంగా ఉంటాయి, ఇక్కడి గుర్రాలవాళ్లు కూడా వాటిని రోజూ పెట్టుకుంటారు. కాని నీళ్లకు ఆగవు. నా మొదటి గడ్డి టోపీ అదే. చెమట మరకలు పడ్డాయని తాటాకు బుట్టను కడిగినట్లు కుళాయి కింద పెట్టి కడిగాను. పావుగంటకు అంచు మెత్తబడి, నానిన అట్టముక్కలాగా చేతిలో వంగిపోయింది. అమ్మినవారు అది కాగితమని చెప్పలేదు, నేనూ అడగలేదు.

తాటి జాతి ఆకుతో చేసిన టోపీలు మనవాళ్లకు బాగా నచ్చుతాయి. మెక్సికో, గ్వాటెమాలా దేశాల్లో వీటిని అల్లుతారు. ఈతచాప, తాటాకు బుట్ట చూస్తూ పెరిగిన చేతికి వీటి అల్లిక పరిచయమైనదే అనిపిస్తుంది. కొంచెం బరువు, కొంచెం మోటు, కాని మొండివి. కాస్త తడిపి, వంచి, ఆరబెట్టి ఆకారం సరిచేసుకోవచ్చు. ఇంటి వెనక తోటపని చేసేవారికి ఇంతకంటే మంచిది లేదని నా అభిప్రాయం.

పనామా హ్యాట్ గురించి కూడా ఒక మాట. పేరు పనామాదే గాని పుట్టుక ఈక్వడార్‌ది. అక్కడ పండే టోకియా అనే మొక్క ఆకుల్ని సన్నని ఈనెలుగా చీల్చి చేత్తో అల్లుతారు. ఈ టోపీలు పనామా రేవు మీదుగా ప్రపంచానికి అమ్ముడుపోయాయి, 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పనామా కాలువ పనులు చూడటానికి వెళ్లినప్పుడు ఇటువంటి టోపీ పెట్టుకోవడంతో ఆ పేరు ఇంకా పాకిపోయింది. ఈ అల్లికను 2012లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చేతి అల్లికను గుర్తుపట్టడానికి టోపీని దీపానికి ఎదురుగా ఎత్తి, నడినెత్తి భాగాన్ని లోపలి నుంచి చూడు. అల్లిక అక్కడ నడిమధ్యన మొదలై, నీళ్లలో రాయి వేసినప్పుడు లేచే వలయాల్లాగా బయటికి పరుచుకొని ఉంటుంది. ఈనెలు ఎంత సన్నగా, ఎంత సమంగా ఉంటే ధర అంత పెరుగుతుంది. ఈక్వడార్‌లోని మోంటెక్రిస్తీ ఊరి సన్నని అల్లికకు అందుకే అంత పేరు.

ఏ గడ్డి తీసుకున్నా, అల్లికలో సందులు లేకుండా చూసుకో. గాలి ఆడాలని పెద్ద పెద్ద రంధ్రాలు వేసిన టోపీలోంచి ఎండ కూడా దిగుతుంది. అంచు చుట్టూ కనీసం 3 అంగుళాలు ఉంటేనే చెవులకూ మెడకూ నీడ పడుతుంది. ముందు మాత్రమే అంచు ఉండే క్రికెట్ టోపీ వంటిది నువ్వు చెప్పిన నడకకు చాలదు.

ఇక కొలత. కనుబొమలకు కొంచెం పైన, చెవులకు కొంచెం పైన, రుమాలు ఎక్కడ కూర్చుంటుందో అక్కడ టేపు చుట్టి సెంటీమీటర్లలో కొలుచుకో. ఇక్కడి సైజు సంఖ్య ఆ చుట్టుకొలత అంగుళాలను 3.14తో భాగిస్తే వచ్చేది. అందుకే 57 సెంటీమీటర్ల తలకు 7⅛, 58కి 7¼, 59కి 7⅜ అని అడగాలి. సైజు సరిపోయినా నుదుటి దగ్గరా వెనకా నొక్కుతూ, కణతల దగ్గర సందు ఉంటే నీ తల పొడవాటి కోలగా ఉన్నట్లు. అటువంటి తలలకు లాంగ్ ఓవల్ అనే వేరే అచ్చు ఉంటుంది, అది చూపించమని అడుగు. రెండు సైజుల మధ్య పడితే పెద్దదే తీసుకొని, లోపలి పట్టీ వెనక సన్నని స్పాంజి ముక్క పెట్టుకో. బిగుతు టోపీ సాయంత్రానికి తలనొప్పి తెస్తుంది. పట్టీ లోపల చిన్న ముడి లాంటి రిబ్బను కనిపిస్తుంది, అది వెనక భాగానికి గుర్తు. చాలామంది కొత్తవాళ్లు ముందువెనకలు మార్చి పెట్టుకొని, కుదరలేదని తిరిగి ఇచ్చేస్తారు.

టోపీల దుకాణాలను చూడాలనుకుంటే ఒక శనివారం పక్కనున్న ఫోర్ట్‌వర్త్‌లో స్టాక్‌యార్డ్స్ అనే ఒకప్పటి పశువుల సంతకు పోయి రా. అక్కడ నీ తలకు తగినట్లు ఆవిరి పట్టి అంచు వంచి ఇచ్చే పనివాళ్లు ఉంటారు. కెటిల్ మూతి నుంచి వచ్చే ఆవిరికి ఫెల్ట్ పిండిలాగా మెత్తబడటం, పనివాని వేళ్ల కింద నొక్కు పడటం, చల్లారగానే అది అట్లాగే నిలిచిపోవడం చూస్తే, ఆ పనికి ఎందుకు అంత విలువ ఇస్తారో తెలుస్తుంది. పాత సామాన్ల దుకాణంలో మాత్రం ఎంత చవకగా వచ్చినా బాగా పాత ఫెల్ట్ టోపీ కొనవద్దు. ఒకప్పుడు బొచ్చు పోగులు బాగా పెనవేసుకునేలా చేయడానికి పాదరసం నైట్రేటు వాడేవారు, దాని వల్ల కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ ఊరి టోపీల పనివాళ్లకు చేతులు వణికే జబ్బు వచ్చేది. అమెరికాలో ఆ వాడకం 1941లో ఆగింది. అంతకు ముందటి టోపీల్లో ఆ విషం ఇంకా మిగిలి ఉండవచ్చు.

చూసుకునే తీరులో మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసింది కొబ్బరినూనె గురించి. తలకు నూనె రాసుకొని టోపీ పెట్టుకుంటే ముందు తోలు పట్టీ నల్లబడుతుంది, తరువాత నూనె దాన్ని దాటి ఫెల్ట్‌లోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి మళ్లీ రాదు. నూనె మానమని నేను చెప్పను. రాత్రి రాసుకొని పొద్దున తలస్నానం చేసి టోపీ పెట్టుకో. మరక కొత్తదైతే మక్కపిండి కాదు, వంటకు వాడే మెత్తని తెల్లటి కార్న్‌స్టార్చ్‌ను దాని మీద చల్లి, ఒక రాత్రి ఉంచి, మెత్తని బ్రష్షుతో దులిపేయి. నీళ్లతో రుద్దవద్దు.

టోపీని పైనున్న నొక్కు పట్టుకొని తీయడం అందరూ చేసే తప్పు. ఫెల్ట్ అక్కడ పలచబడి చీలుతుంది, గడ్డి అయితే విరుగుతుంది. రెండు చేతులతో అంచు ముందు, వెనక పట్టుకొని తీయి. బల్ల మీద పెట్టేటప్పుడు బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టు, లేకపోతే అంచు చదునైపోతుంది. ఫెల్ట్ మీద దుమ్మును గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో, బొచ్చు వాలిన వైపే దులపాలి, నల్ల టోపీకీ తెల్ల టోపీకీ వేర్వేరు బ్రష్షులు ఉంచుకోవాలి. తడిస్తే విదిలించి, తోలు పట్టీని బయటికి తిప్పి, ఆ పట్టీ మీదే నిలబెట్టి నీడలో ఆరనివ్వాలి. హెయిర్ డ్రయ్యరు, హీటరు దగ్గరికి పోనీయవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఎండలో నిలిపిన కారులో టోపీ వదలవద్దు. నా రెండో టోపీ అట్లాగే పోయింది. ఆగస్టులో ఒక మధ్యాహ్నం కారు అద్దం కింద పెట్టి పెళ్లికి పోయి వచ్చేసరికి తోలు పట్టీ ఎండిన చింతబెరడులాగా ముడుచుకుపోయి, 7¼ టోపీ నా తలకు ఎక్కనే లేదు.

తమ్ముని మరో ప్రశ్న:

అన్నా, చాలా సంతోషం. ఈ శనివారమే ఫోర్ట్‌వర్త్‌కు పోతాను. రెండు సంగతులు అడగాలి. ఒకటి, ఫెల్ట్ ఎప్పుడు పెట్టుకోవాలి, గడ్డిది ఎప్పుడు మానాలి అని ఇక్కడ ఒక పద్ధతి ఉందంటున్నారు, నిజమేనా? రెండు, మా బాపుకు పరకాల దగ్గర పత్తి చేను ఉంది, దసరాకు ఇంటికి పోతున్నాను. ఆయనకు ఫెల్ట్ హ్యాట్ ఒకటి తీసుకుపోదామని ఉంది, పనికొస్తుందా?

జవాబు:

పద్ధతి ఉంది. సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాకా గడ్డిది, అప్పటి నుంచి ఈస్టర్ దాకా ఫెల్ట్ అని టెక్సస్‌లో పెద్దవాళ్లు అనుకుంటారు. ఒకప్పుడు ఈ పట్టింపు ఎంత గట్టిదంటే, 1922 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో ఇంకా గడ్డి టోపీలు పెట్టుకున్నవారి తలల మీది నుంచి వాటిని లాక్కొని తొక్కేసిన గుంపుల వల్ల రోజుల తరబడి కొట్లాటలు జరిగాయి. ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు, సెప్టెంబర్ ఎండలోనూ గడ్డిది పెట్టుకో. జాతీయగీతం వస్తున్నప్పుడు, భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం టోపీ తీయాలన్నది ఇప్పటికీ పాటిస్తారు, అది మరిచిపోవద్దు.

బాపుకు ఫెల్ట్ వద్దు. మన దగ్గరి ఎండకు అది ఉడుకుతుంది, వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది, మూలకు పెడితే ఉన్నిని తినే పురుగు చిల్లులు పెడుతుంది. డాంబర్ గోలీలు వేసి సందుకలో దాచే వస్తువు అవుతుంది గాని, చేనుకు పోయేది కాదు. గట్టి తాటాకు జాతి టోపీ, 4 అంగుళాల అంచుది, గడ్డం కింద కట్టుకునే తాడు ఉన్నది తీసుకుపో. పత్తి ఏరేటప్పుడు తల వంచి ఉంటారు కాబట్టి ఆ తాడు లేకపోతే టోపీ మాటిమాటికీ జారుతుంది. దాన్ని సూట్‌కేసులో వేయకుండా చేతిలో పట్టుకొనే విమానం ఎక్కు. తప్పదంటే పైభాగం నిండా బనియన్లు, తువ్వాళ్లు కుక్కి, అంచు చుట్టూ మెత్తని బట్టలు పేర్చి, వెల్లకిలా పెట్టు.

కొలత తెప్పించుకోవడానికి అమ్మకు ఫోన్ చేసి, బాపు రుమాలు కట్టుకునే చోట ఒక దారం చుట్టి, ఆ దారాన్ని చదునుగా పరిచి బడిపిల్లల స్కేలు పక్కన పెట్టి ఫోటో పంపమను. రుమాలు మీద చుట్టవద్దని, వట్టి తలకే చుట్టమని గట్టిగా చెప్పు. మా ఇంట్లో రుమాలుతో కలిపి కొలిచి పంపితే, తెచ్చిన టోపీ మా బాపు ముక్కు దాకా దిగింది.