బెంగళూరు సైటు షెడ్లలోని మన కూలీల పిల్లలు: ఏడాది మధ్యలో బడిలో చేర్చేదెలా?

వర్తూరు_సాయంకాలం:
నమస్కారం అండీ. వర్తూరు దగ్గర ఒక సైటు షెడ్లలో ఆదోని, కోసిగి వైపు కుటుంబాలున్నాయి. 8 ఏళ్ళ బాబు, 11 ఏళ్ళ పాప బడికి పోతామని పట్టుబడుతున్నారు. పాపైతే ఊరి పుస్తకాలు మూటలో వెంట తెచ్చుకుంది. టీసీ లేదు, కన్నడం రాదు. ఇది నవంబరు కదా, బడిలో "జూన్‌లో రండి" అన్నారు. ఫిబ్రవరికి ఇక్కడ పని అయిపోతుందట. దారేమైనా ఉందా?

అర్జీల_అన్న:
జూన్ దాకా ఆగమనడం చెల్లదండీ. 2009 విద్యాహక్కు చట్టం 15వ సెక్షన్ ప్రకారం గడువు దాటి వచ్చినా చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని (5వ సెక్షన్), వయసు కాగితం లేదని (14వ సెక్షన్) ఆపకూడదు. ఆధార్ లేదని తిప్పి పంపకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇదంతా నోటితో చెబితే పని కాదు. కన్నడలో అరపేజీ అర్జీ రాయించి, తల్లి సంతకమో వేలిముద్రో పెట్టించి, రెండో కాపీ మీద బడి ముద్ర, తేదీ అడగండి. అప్పటికీ కాదంటే సీఆర్‌పీ (చుట్టుపక్కల బడులను చూసే క్లస్టర్ అధికారి), ఆపైన బీఈఓ (బ్లాకు విద్యాధికారి). 32వ సెక్షన్ ఫిర్యాదు తేల్చడానికి మూడు నెలల గడువుంది, ఫిబ్రవరిలో కదిలిపోయేవాళ్ళకు అది అక్కరకు రాదు.

తరగతి దగ్గర మాత్రం గట్టిగా నిలబడండి. వయసుకు తగ్గ తరగతి ఇవ్వాలని 4వ సెక్షన్. అంటే బాబు మూడు, పాప ఆరు. భాష రాదని ఒకటిలో కూర్చోబెడితే పాప వారం కూడా నిలవదు. వెనకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, కేంద్ర నియమాల్లో అది 3 నెలల నుంచి 2 ఏళ్ళ దాకా. ఇంకోటి, పక్కనున్నది ఐదు దాకానే ఉండే కిరియ ప్రాథమిక శాలైతే పాపకు పనికిరాదు. హిరియ ప్రాథమిక శాల చూడండి.

రిజిస్టర్_రంగడు:
చేర్చుకున్నారని నిశ్చింతగా ఉండకండి, అసలు చిక్కు ఆన్‌లైన్‌లో. యూడైస్ ప్లస్ అనే కేంద్ర బడుల వెబ్‌సైటులో ఒక్కో పిల్లకు పెన్ అనే శాశ్వత విద్యార్థి నంబరు ఉంటుంది. ఊరి హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడు) పిల్ల పేరును డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి వదిలినవాళ్ళ ఆన్‌లైన్ జాబితాలోకి వదిలితేనే ఇక్కడి బడి తనవైపు తీసుకోగలదు. అది కాక కొత్త నంబరు పుట్టించారంటే, ఊరికి తిరిగెళ్ళాక అక్కడ ఒక పేరు, ఇక్కడ ఒక పేరు. ముందే హెచ్ఎంకు ఫోన్ చేసి పెన్, రిజిస్టర్లోని పుట్టిన తేదీ, ఇంగ్లిష్ స్పెల్లింగు రాయించుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నంత చిన్న తేడాకే పని ఆగిపోతుంది.

ఫిబ్రవరిలో కదిలేముందు ఇక్కడి టీసీ తీసుకోవడం మరవద్దు. మేస్త్రీ రాత్రికి రాత్రి టెంపో ఎక్కించేస్తే ఆ కాగితం ఇక్కడే ఉండిపోతుంది.

వర్తూరు_సాయంకాలం:
బాబు చేరాడండీ. పాప మాత్రం రెండేళ్ళ తమ్ముణ్ణి చూసుకోవాలని ఆగిపోయింది.

తూబరహళ్ళి_అక్క:
అమ్మాయిలు ఆగేది ఎక్కువగా ఇక్కడే. 50 మందికి మించి ఆడకూలీలున్న సైటులో ఆరేళ్ళలోపు పిల్లలకు గది, చూసుకునే మనిషి ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో ఉండేది, 2025 నవంబరులో దాని చోట కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మేస్త్రీని కాదు, బిల్డర్ సేఫ్టీ ఆఫీసర్ని అడగండి. గది దొరక్కపోతే నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒకామెకు కూలి పంచి ఇవ్వడమే మార్గం.

కన్నడానికి భయపడొద్దు. తెలుగు చదవగలిగితే సగం అక్షరాలు వచ్చినట్టే. క, త, శ ముందు దిద్దించండి, అవే బాగా వేరు. కీ, కే, కోలలో దీర్ఘం అక్షరం పక్కన విడిగా వస్తుంది. "ధర్మ" లాంటి మాటల్లో ర గుర్తు మ తర్వాత పడుతుంది, మన పాత వలపలగిలక లాగే. పిల్లలు తడబడేది ఎక్కువగా దాని దగ్గరే.

ఆదోని_మాస్టారు:
వచ్చే ఏటి సంగతి కూడా చూడండి. ఆంధ్రలో పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు కావాలి, అదీ అక్కడి బడిలోనే. ఇక్కడ చేర్చడానికి కొందరు తల్లులు వెనకాడేది అందుకే, వాళ్ళను తప్పుపట్టలేం. వలస ఊళ్ళలో పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద సీజనల్ హాస్టళ్ళు (పెద్దలు వలసపోయిన నెలల్లో పిల్లలు ఊళ్ళోనే ఉండేవి) పెడతారు. ఊరు విడవకముందే హెచ్ఎం జాబితాలో పేరెక్కించాలి, బస్సెక్కాక అడిగితే లాభం లేదు. పాపకు కస్తూర్బా విద్యాలయం ఇంకా నయం, ఆరు నుంచి ఉండి చదువుకోవచ్చు. ఆరులో చేరేందుకు దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ప్రకటన ఎప్పుడొస్తుందో ఊళ్ళో ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి.