అప్‌డేట్: రాజమహేంద్రవరంలో వేసవి ఇంటర్న్‌షిప్, పరిచయాలు

రాజమహేంద్రవరంలోని ఒక కర్మాగారంలో వేసవి ఇంటర్న్‌గా చేరాననీ, సహోద్యోగులందరూ కుటుంబాలతో ఉన్నవారే కావడంతో సాయంత్రమైతే మాట్లాడే మనిషి లేడనీ మే నెలలో ఇక్కడ రాశాను. రోజుకో చోటు తిరగకుండా ఒకే చోటికి ఒకే వేళకు వెళ్లమని మీలో ఒకరు ఇచ్చిన సలహా అన్నిటికంటే ఎక్కువగా ఉపకరించింది.

ఎండ తగ్గాక గౌతమీ గ్రంథాలయానికి, అక్కడి నుంచి పుష్కర ఘాట్‌కు వెళ్లడం అలవాటు చేసుకున్నాను. పత్రికల బల్ల దగ్గర కూర్చునే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మొదట్లో తాను చదివేసిన పేజీని మౌనంగా నా వైపు జరిపేవారు, తర్వాత "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగారు, ఇప్పుడు గోదావరి హారతి అయ్యాక మెట్ల మీద కూర్చుని, 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెనను చూపిస్తూ, కొవ్వూరు నుంచి దాని మీదుగా ఉద్యోగానికి వచ్చిన రోజుల గురించి చెబుతారు. ఆయన మనవడి ద్వారానే తెల్లవారుజామున షటిల్ ఆడే బృందం పరిచయమైంది.

సహోద్యోగులను భోజనానికి పిలవమన్న సలహా మాత్రం కుదరలేదు, అద్దెగదిలో వంటకు వీలు లేదు. అయితే మా సూపర్‌వైజర్‌గారి భార్య ఆవకాయ పెట్టే రోజున నన్ను ఇంటికి పిలిచి, మామిడి ముక్కలు తుడిచే పని అప్పగించారు. ఊరగాయ జాడీకెత్తాక అదే బేసిన్‌లో వేడన్నం కలిపి అందరితోపాటు నా చేతిలోనూ ముద్ద పెట్టారు.

ఇంటర్న్‌షిప్ జూలై ఆఖరుకు ముగుస్తుంది. షటిల్ మిత్రులు ఇద్దరు ఉద్యోగాలకు హైదరాబాద్ వస్తున్నారు; వారికి గది వెతికే బాధ్యత నేను తీసుకున్నాను.