ఇంటి కెగరేటర్‌లో అల్లం పానకం: మొదటి గ్లాసంతా నురగే, గ్యాస్ రెండు వారాలకే ఖాళీ

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. పాత సింగిల్ డోర్ ఫ్రిడ్జ్‌లోని అరలన్నీ తీసేసి, 19 లీటర్ల బాల్ లాక్ కెగ్‌ను (ఒత్తిడిని తట్టుకునే స్టీలు పీపాను) అందులో నిలబెట్టి, తలుపుకు ట్యాప్ బిగించి ఒక కెగరేటర్ తయారు చేసుకున్నాను. మా ఇంట్లో బీరు అలవాటు లేదు. శ్రీరామనవమికి చేసే బెల్లం పానకంలోనే అల్లం కొంచెం ఎక్కువ వేసి, గ్యాస్ పట్టించి, వేసవంతా సోడాలా తాగాలన్నది మా కోరిక. 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా ఫ్రిడ్జ్‌లోనే ఉంది. రెగ్యులేటర్‌ను (సిలిండర్ ఒత్తిడిని తగ్గించి కెగ్‌కు పంపే పరికరాన్ని) 25 పిఎస్ఐ (ఒత్తిడి కొలత) వద్ద ఉంచాను. కెగ్ నుంచి ట్యాప్ వరకు గొట్టం ఒకటిన్నర మీటరు.

ట్యాప్ తిప్పగానే మొదటి గ్లాసు నిండా నురగ వస్తోంది, అది అణిగాక మిగిలిన పానకంలో గ్యాస్ ఉండడం లేదు. ఒత్తిడిని 10 పిఎస్ఐకి తగ్గించి చూస్తే నురగ కాస్త తగ్గింది గాని, రెండు రోజులకే పానకం చప్పబడిపోయింది. ఇక సిలిండర్ సంగతి: తెచ్చిన రోజు గేజ్‌లో 64 బార్ (ఇదీ ఒత్తిడి కొలతే) చూపించింది, ఫ్రిడ్జ్‌లో పెట్టిన మర్నాడు 40కి పడిపోయింది, రెండు వారాలకు పూర్తిగా ఖాళీ అయింది. లోపం ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1 (జయనగర్)

ముందుగా గేజ్ గురించి నిశ్చింతగా ఉండండి. సిలిండర్‌లో కార్బన్ డయాక్సైడ్ ద్రవరూపంలో ఉంటుంది కాబట్టి, లోపల ద్రవం మిగిలి ఉన్నంతవరకు గేజ్ చూపించేది ఉష్ణోగ్రతనే గాని ఎంత గ్యాస్ మిగిలిందన్నది కాదు. 25 డిగ్రీల వద్ద 64 బార్, 4 డిగ్రీల వద్ద 39 బార్ ఉండడం సహజం. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండర్‌ను తూకం వేయడమొక్కటే మార్గం.

రెండు వారాలకే ఖాళీ కావడం మాత్రం కచ్చితంగా లీకే. లెక్క చూడండి: 19 లీటర్ల పానకానికి సోడాలాగా గ్యాస్ పట్టించడానికి సుమారు 140 గ్రాములు, దాన్నంతా ట్యాప్ దాకా నెట్టడానికి మరో 100 గ్రాములు ఖర్చవుతుంది. అంటే 2 కిలోల సిలిండర్ ఏడెనిమిది కెగ్గులకు రావాలి.

లీకును వెతికేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గ్యాస్ ఇంకా పూర్తిగా పట్టని కెగ్‌ను తగిలించి, సిలిండర్ వాల్వ్ మూసేసి, గేజ్ ముల్లు పడిపోతే లీకనుకుంటారు. ఆ గ్యాస్ పానకంలో కరిగిపోతోందంతే. అందువల్ల మొదట కెగ్‌ను విడదీసి, రెగ్యులేటర్‌ను, గొట్టాన్ని మాత్రమే ఒత్తిడిలో ఉంచి, సిలిండర్ వాల్వ్ మూసేసి రాత్రంతా వదిలేయండి. తెల్లవారేసరికి ముల్లు కదలకపోతే లోపం కెగ్ వైపే ఉన్నట్టు. అప్పుడు మూత అంచుకు, గ్యాస్ పోస్టు (కెగ్‌కు గ్యాస్ గొట్టం తగిలించే మొన) చుట్టూ సబ్బునీళ్ళు రాసి బుడగలు చూడండి. సిలిండర్‌కూ రెగ్యులేటర్‌కూ మధ్యనున్న వాషర్ పాతదైతే ముందే మార్చేయండి. ఓ-రింగులకు (అతుకుల్లో లీకును ఆపే రబ్బరు వలయాలకు) ఆహారానికి పనికివచ్చే సిలికాన్ గ్రీజునే పూయండి, పెట్రోలియం జెల్లీ రబ్బరును పాడుచేస్తుంది.

జవాబు 2 (రాజాజీనగర్)

లీకు గురించి పై మిత్రులు చెప్పిందే నా మాట కూడా, కనుక నేను నురగ గురించే రాస్తాను. నురగ వస్తే అందరి చేయీ మొదట రెగ్యులేటర్ మీదికే పోతుంది. దయచేసి దాన్ని ముట్టుకోకండి. ఒత్తిడి తగ్గిస్తే పానకంలో కరిగిన గ్యాస్ మెల్లగా బయటికొచ్చి మీరు చూసినట్టే చప్పబడుతుంది. 3 డిగ్రీల వద్ద 25 పిఎస్ఐ అంటే లీటరు పానకంలో మూడున్నర లీటర్లకు పైగా గ్యాస్ కరుగుతుంది, సోడాకు అది సరైన మోతాదే. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ. చెన్నైలో 25 పెట్టినవారికి వచ్చే ఘాటు ఇక్కడ రావాలంటే గేజ్‌లో ఒకటిన్నర పిఎస్ఐ ఎక్కువ పెట్టాలి.

మీ అసలు ఇబ్బంది గొట్టం పొడవు. అంత ఒత్తిడిని ఒకటిన్నర మీటరు గొట్టం ఆపలేదు, పానకం ట్యాప్ దగ్గరికి ఉరికొచ్చి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. లోపలి వ్యాసం సుమారు 5 మిల్లీమీటర్లుండే గొట్టం 12 పిఎస్ఐకి 3 మీటర్లు వాడడం రివాజు, ఆ లెక్కన మీకు ఆరు మీటర్లకు తగ్గకూడదు. చుట్టచుట్టి కెగ్ మీదే పెట్టండి. ట్యాప్‌ను సగం తెరిచి పట్టడం కూడా నురగకు కారణమవుతుంది, ఒకేసారి పూర్తిగా తెరవండి.

తరువాత, వరుసగా మూడు గ్లాసులు పట్టి థర్మామీటరుతో చూడండి. మొదటిది వెచ్చగా, మూడోది చల్లగా ఉంటే గొట్టమూ ట్యాపూ వేడెక్కుతున్నట్టు. చిన్న కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి లోపల పెడితే అడుగునా తలుపు దగ్గరా చల్లదనం సమానంగా ఉంటుంది.

ఇంకొక మాట, మనవారు పానకంలో మిరియాలు, యాలకులు దంచి వేస్తారు. ఆ పలుకులే కెగ్‌లో పెద్ద తలనొప్పి. ప్రతి నలుసు చుట్టూ బుడగలు పుడతాయి, పోస్టులోని స్ప్రింగ్ దగ్గర ఇరుక్కుంటాయి. అల్లాన్నీ మిరియాలనూ నీళ్ళలో మరిగించి, బెల్లం కరిగించి, పలుచని నూలుగుడ్డలో రెండుసార్లు వడగట్టి, రాత్రంతా ఫ్రిడ్జ్‌లో ఉంచండి. అడుగున మడ్డి దిగాక పైన తేరిన పానకాన్నే కెగ్‌లో పోయండి. నేను దీన్ని నేర్చుకోవడానికి మూడు కెగ్గులు పట్టింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే రాత్రి పరీక్ష పెడితే ముల్లు కదలలేదు. కెగ్ తగిలించి సబ్బునీళ్ళు రాయగానే గ్యాస్ పోస్టు అడుగునున్న ఓ-రింగ్ దగ్గర సన్నగా బుడగలు వచ్చాయి. రింగు మార్చాక వారం రోజుల్లో సిలిండర్ బరువు 60 గ్రాములే తగ్గింది. మొదటి గ్లాసు 13 డిగ్రీలు, మూడోది 5 డిగ్రీలు ఉన్నాయి. ఆరున్నర మీటర్ల గొట్టం వేసి, ఫ్యాన్ పెట్టి, 26 పిఎస్ఐకి మార్చాను. ఇప్పుడు ధార నిదానంగా వస్తోంది, గ్లాసు నిండడానికి పది సెకన్లు పడుతోంది గాని, నురగ ఒక వేలెడే ఉంటోంది. పానకం ముక్కుకెక్కేంత ఘాటుగా ఉందని మా అమ్మగారు రెండో గ్లాసు అడిగారు.

సిలిండర్ మళ్ళీ నింపించే అవసరం పడినప్పుడు, మంటలార్పే పాత సిలిండర్ ఒకటి చవకగా ఇస్తామని ఒక దుకాణం వారంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు 1 (జయనగర్)

వద్దండీ. మంటలార్పే సిలిండర్ లోపల అడుగుదాకా గొట్టం ఉంటుంది, కనుక నిలబెట్టి తెరిస్తే గ్యాస్ బదులు ద్రవం రెగ్యులేటర్‌లోకి వచ్చి దాన్ని పగలగొట్టగలదు. ఆహారానికి పనికివచ్చే గ్యాసేనని అడిగి మరీ మీ సిలిండర్‌నే నింపించండి. కారులో తెచ్చేటప్పుడు అద్దాలు దించి ఉంచండి. ఒక కిలో లీకైతే 500 లీటర్లకు పైగా గ్యాస్ అవుతుంది, అది గాలికన్నా బరువైనది కాబట్టి అడుగునే పేరుకుంటుంది. ఫ్రిడ్జ్ ఉన్న గదికి ఒక కిటికీ అయినా తెరిచి ఉండేలా చూసుకోండి.